లోకల్ వార్తల్లో మేస్త్రి కాలు

రియాద్‌కు దక్షిణాన అల్ ఖర్జ్ దాటాక, తారురోడ్డు విసుగెత్తి ఇసుకలోకి జారిపోయే చోట మా క్యాంపు ఉండేది. గాలి ఒకవైపు నుంచి వీస్తే దుమ్ము, ఇంకోవైపు నుంచి వీస్తే పాలడెయిరీ వాసన. ఆ డెయిరీలో ఆవులకు కొట్టాల నిండా నిలువెత్తు ఫ్యాన్లు, పైనుంచి పన్నీరు చల్లినట్టు సన్నటి నీటి తుంపర. మా రేకుల గదుల్లోనూ ఏసీలు ఉండేవి. కాకపోతే అవి చలువ కంటే సంగీతం ఎక్కువ ఇచ్చేవి. ఆవులకు ఇఖామా కార్డు అక్కర్లేదు. వాటి తరఫున ఎవరూ నెలనెలా లెవీ కట్టక్కర్లేదు. నితాఖాత్ లెక్కల్లో అవి విదేశీ పనివాళ్ల కిందికి రావు. పుణ్యం చేసుకున్న జీవాలు.

నితాఖాత్ అంటే ఏమీ లేదు, సర్కారు కంపెనీలకు వేసే రంగు. సౌదీ పౌరులను తగినంతమందిని కొలువులో పెట్టుకుంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు, బొత్తిగా లేకపోతే ఎరుపు. మా కంపెనీ పండు మిరపకాయ ఎరుపుకు వచ్చింది. ఎరుపు కంపెనీకి మనుషుల ఇఖామాలు, అంటే ఆ దేశంలో మేము ఉన్నామని చెప్పే కార్డులు, పొడిగించే వీలుండదు. దానిమీద లెవీ ఒకటి, తలకింత అని. మా పూచీ తీసుకుని మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, కఫీల్, మా తలలు లెక్కపెట్టి, తన తల పట్టుకుని, ఫోన్ ఆపేశాడు.

కార్డు గడువు దాటిన మనిషి ఉన్నట్టే ఉంటాడు గానీ ఉండడు. గేటు దాటితే పోలీసులు ఆపుతారు. ఇంటికి పోదామంటే ఎగ్జిట్ ముద్ర పడదు. జ్వరమొచ్చి ఆసుపత్రికి పోదామంటే ఇన్సూరెన్సు ఆ కార్డుతో పాటే సహగమనం చేసింది. కంపెనీ వంటశాల మూతపడ్డాక పాలడెయిరీ డ్రైవర్లు, దగ్గరి మసీదు వాళ్లు తెచ్చిచ్చిన బియ్యం, పప్పు మీద బతికాం. నేను ఆ కంపెనీలో టైంకీపర్‌ని, కడప జిల్లా వాడిని. నాతోపాటు మిగిలిన వాళ్లంతా జగిత్యాల, కోరుట్ల వైపు పనివాళ్లు. ఆఫీసులో కుర్చీ ఉండేది కాబట్టి నన్ను వాళ్లు సారు అనేవాళ్లు. కుర్చీ పోయింది, సారు మాత్రం మిగిలాడు.

ఇంతకీ నేను చెప్పదలచింది టీవీ సంగతి.

ఆ పనివాళ్లలో చాలామందిది ఒకటే పట్టణం, మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఒక బస్టాండు, రెండు సినిమా హాళ్లు, మనుషుల కంటే ఎక్కువ బంగారు దుకాణాలు, మూడు లోకల్ కేబుల్ చానళ్లు. సాయంత్రం ఏడింటి వార్తలు అయిపోగానే మూడూ వాటిని యూట్యూబ్‌లో పెట్టేవి. మేము చీకటి పడ్డాక ఒక ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, దాని ముందు పంచాంగ శ్రవణానికి కూర్చున్నట్టు కూర్చునేవాళ్లం.

మొదటి చానల్ లోగో ఎంత పెద్దదంటే, దాని వెనకాల ఎక్కడో వార్త ఊపిరాడక గిలగిల కొట్టుకుంటూ కనబడేది. రెండో చానల్లో చదివే అమ్మాయి లారీ ప్రమాదాన్నీ, పట్టుచీరల తగ్గింపునూ ఒకే చిరునవ్వుతో చదివేది. ఆమె వెనకాల తెర మీద ఒక భూగోళం గిర్రున తిరుగుతుండేది. ఆ భూగోళం మీద వాళ్ల పట్టణం ఒక ఖండమంత ఉండేది, చుట్టుపక్కల మండలాలు సముద్రాలు. మూడో చానల్ విలేకరి మైకుకు తొడిగిన అట్టపెట్టె అతని తలకాయ కంటే పెద్దది. కలెక్టరు దాని వెనక నిలబడి మాట్లాడితే కలెక్టరు బొట్టు, జుట్టు మాత్రమే దక్కేవి. కింద ఎప్పుడూ అక్షరాల రైలు ఒకటి పోతుండేది. తప్పిపోయిన బర్రె, నీళ్లు రాని వార్డు, ఎవరి మనవడికో మొదటి పుట్టినరోజు, మళ్లీ అదే బర్రె.

పెద్ద చానళ్లలో దేశాలకు దేశాలు తగలబడుతుంటే మావాళ్లు పట్టించుకునేవాళ్లు కాదు. తమ ఊళ్లో ఫలానా గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే మాత్రం గది గదంతా అయ్యో అనేది. అదే సమయానికి మా క్యాంపు జనరేటర్ ఆగిపోయి మేము చీకట్లో ఉండేవాళ్లం. చీకట్లో కూర్చుని, ఫోన్ వెలుగులో, ఎక్కడో కరెంటు పోయిందని బాధపడేవాళ్లం.

నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ ఫోన్ ముందు నేను చూసిన ముఖాలు వేరు. ఏదో ధర్నా చూపిస్తూ చూపిస్తూ కెమెరా ఒక పిట్టగోడ మీదుగా పోయింది. మాలోని మేస్త్రి ఒకాయన ఫోన్ ఆపించాడు. వెనక్కి జరిపించాడు. ఆ గోడ ఆయన కట్టింది. గిలాబు, అంటే సిమెంటు పూత, ఎక్కడా పెచ్చు ఊడలేదని మాకందరికీ చూపించి, అప్పుడు గానీ ధర్నాను సాగనివ్వలేదు.

ఈ మేస్త్రి మాలో పెద్దవాడు. తాపీ పని. మూడు చానళ్ల వాళ్లూ ఎరిగిన మనిషి. ఏటా వినాయక చవితికి ఆయన వీధి మండపానికి ఎంతో కొంత పంపేవాడు, దానికి బదులుగా చానళ్లలో ఆయన ఫొటో వచ్చేది. చేతులు జోడించి, తలచుట్టూ ఉదయించే సూర్యుడితో, ‘గల్ఫ్ ప్రవాసి, ప్రముఖ దాత’ అని. ఫొటోలో కోటు ఆయనది కాదు, స్టూడియో వాడు అతికించింది. టై కూడా అంతే. మెడ మాత్రం ఆయనదే. ఆ కోటు చూసి ఊరు ఆయన్ని సూపర్‌వైజర్ అనుకుంది. ఆయన అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

మాలోనే ఆయన బామ్మర్ది ఉండేవాడు, పైపుల పని. మేస్త్రి భార్యకు తమ్ముడి వరస. వరసైనవాడు కాబట్టి పొద్దున లేస్తే బావను ఆటపట్టించకుండా పళ్లు తోమేవాడు కాదు. మూడో చానల్ విలేకరి ఈ బామ్మర్దితో బళ్లో చదువుకున్నాడు. మా సంగతి ఎక్కడో విని ఫోన్ చేసి, మీరంతా కూర్చుని మీ గోడు చెప్పుకుంటూ ఒక వీడియో తీసి పంపండి, చానల్లో వేస్తాం, పెద్దవాళ్ల కంట పడుతుంది, రియాద్‌లో ఎంబసీ వాళ్లు కదులుతారు అన్నాడు. అలా కదిలిన క్యాంపులు ఉన్నాయని మేమూ విన్నాం.

దర్శకత్వం నాకు అప్పజెప్పారు. కుర్చీ మహిమ.

ఆ పూట మా క్యాంపులో జరిగిన ముస్తాబు పెళ్లివారింట్లో కూడా జరిగి ఉండదు. టీవీలో కనబడుతున్నామంటే ఊరు చూస్తుంది. ఊరు చూస్తుందంటే గడ్డంతో కనబడతామా? ఇది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని మాట. పక్క గదిలోని బంగ్లాదేశ్ మిత్రుడు కత్తెర పట్టుకుని కూర్చుంటే అతని ముందు వరస కట్టారు. వంటకు దాచుకున్న నూనె కొంత తలలకు పోయింది. ఇస్త్రీపెట్టె లేదు, బొగ్గులు నింపిన గిన్నెతో చొక్కాలు రుద్దారు. ఎప్పుడో పారిపోయిన క్యాంపు బాస్ గదిలోంచి ఎర్ర వెల్వెట్ సోఫా మోసుకొచ్చారు. వెనకాల నెమళ్ల దుప్పటి కట్టారు. చేతిగడియారం అందరికీ కలిపి ఒకటే ఉంది. ఎవరు మాట్లాడే వంతు వస్తే వాళ్ల చేతికి అది పోయేది. ఆ వీడియో జాగ్రత్తగా చూస్తే సౌదీ అరేబియాలో ప్రతి తెలుగువాడి దగ్గరా ఒకే రకం గడియారం ఉంటుందని మీకు అనుమానం వస్తుంది.

మేస్త్రి సోఫా చివర కూర్చున్నాడు. నల్ల బూట్లు, తెల్ల సాక్సులు. అత్తరు మాత్రం అందరి వాటా తానే పూసుకున్నాడు. ఆయన పక్కన కూర్చోవాలంటే దమ్ము బిగబట్టాలి. బామ్మర్ది ఒక్కడు ఆ రోజు ఆయన్ని ఏమీ అనలేదు. నాకది వింతగా తోచింది గానీ దర్శకుడి హడావుడిలో ఉన్నాను.

మాటలు నేనే రాశాను. ‘సువిశాల సైకత సీమలో క్షుధార్తులమై’ అని మొదలుపెట్టాను. మావాళ్లు దాన్ని పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. క్షుధార్తులం అన్నవాడి చేతికి గడియారం తళతళ మెరిసింది.

చానల్ వాళ్లు మాట తప్పలేదు. ఏడింటి వార్తల్లో, పట్టుచీరల ప్రకటనకు, ప్రైవేటు బడి ప్రకటనకు మధ్య మేము వచ్చాం. ‘ఎడారిలో మనోళ్ల గోడు’ అని శీర్షిక. మేమంతా ఫోన్ మీదికి వంగి మమ్మల్ని మేము చూసుకుని ముచ్చటపడ్డాం. అందరం బాగా వచ్చాం. అదే కొంప ముంచింది. కింద ఊరివాళ్లు రాసిన మాటలు బామ్మర్ది చదివి వినిపించాడు. గోడు ఏది, పెళ్లిచూపుల్లెక్క ఉన్నదని ఒకరు. ఆ సోఫా ఎంత పడ్డదని ఒకరు. మా ఇంటి పక్కోడు మంచిగ దొడ్డయిండు అని ఇంకొకరు. ఎవరో నాయకుడి దగ్గరికి వీడియో పోతే, వీళ్లకేం రోగమయ్యా రాజాల్లా ఉన్నారు అని ఫోన్ పక్కన పెట్టాడట.

విలేకరి మళ్లీ ఫోన్ చేశాడు. బాగా మొహమాటస్థుడు. నాతో మాట్లాడతానన్నాడు.

“తప్పు వట్టకుండ్రి సార్. మీరు రాసింది మస్తుగున్నది. కని టీవీల మాట ఇనవడది, మనిషే కనవడ్తడు. మీ తాన ఎవలన్న పానం బాగలేనోళ్లు ఉన్నరా?”

లేరు అనబోయాను. ఫోన్ మాటలు పక్కనే వింటున్న బామ్మర్ది నా వైపు కాకుండా మేస్త్రి బూట్ల వైపు చూశాడు. మేస్త్రి లేచి కుంటుకుంటూ బయటికి పోయాడు.

అప్పుడు బామ్మర్ది చెబితే తెలిసింది నాకు. పని ఇంకా నడుస్తున్న రోజుల్లో సెంట్రింగ్ చెక్కలోని మేకు మేస్త్రి కాల్లో దిగింది. షుగరు మనిషి, అరికాలు ఎప్పుడో మొద్దుబారింది. మేకు దిగిన సంగతి సాయంత్రం బూటు విప్పినప్పుడు గానీ తెలియలేదు. పుండు మానలేదు. ఇఖామా పోయాక షుగరు మందులూ పోయాయి. అందరి అత్తరూ ఆయనకెందుకు కావలసి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. ఇంటికి చెప్పవద్దని బామ్మర్ది చేత ఒట్టు వేయించుకున్నాడట.

డెయిరీ డ్రైవర్ల ద్వారా అల్ ఖర్జ్‌లో మందుల షాపులో పనిచేసే హైదరాబాదు భాయ్ ఒకాయన్ని పిలిపించాం. ఆయన సాక్సు విప్పించి చూసి, కడిగి కట్టు కట్టాడు. వేళ్లు నల్లబడ్డాయి. నన్ను బయటికి పిలిచి, ఇది గోలీలతో పోయేది కాదు సాబ్, పెద్ద దవాఖానా కావాలి, ఆలస్యం చేస్తే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది అని చెప్పాడు. వినబడకూడదని ఆయన బయటికి పిలిచాడు గానీ రేకుల గోడకు రహస్యాలు ఆగవు. లోపల మేస్త్రి అంతా విన్నాడు.

తాపీమేస్త్రికి కాలంటే ఏమిటో మనలాంటి కుర్చీ మనుషులకు చెబితే తెలియదు. సారువ కర్రల మీద, అరచేయంత చెక్క మీద, గాల్లో నిలబడి గోడ లేపే మనిషి. ఆయన చేతికి ఎంత పేరు వచ్చినా ఆ చేతిని పైకి మోసుకుపోయేది కాలే.

ఇక ఆలోచించడానికేముంది, కాలు చూపించి వీడియో తీద్దాం అన్నాం అందరం. మేస్త్రి ససేమిరా అన్నాడు. బామ్మర్ది బతిమాలాడు, తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి నేను పోయి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. నా భాషలో నేను చెప్పుకున్నాను.

“యాడన్నా కాలు కంటే ఫొటో ఎక్కువా అన్నా? కోటేసుకున్న ఫొటో ఊరికి పది రోజులుంటాది. కాలు నీకు బతికినన్నాళ్లూ గావాల గదా.”

ఆయన కట్టు మీదికి దుప్పటి లాక్కున్నాడు.

“ఫొటో ముచ్చట గాదు సారూ. ఊరు ఏమన్నా అననీ, పడత. మా ఇంటామె ఏడు గొట్టంగ వాకిట్ల టీవీ వెడ్తది. గల్లీ అంత ఆడనే గూసుంటది. అందరి నడుమ, చీరల ప్రకటన నడుమ, ఆమె నా కాలు సూసుడేంది? గట్ల తెలుసుడు మంచిది గాదు.”

ఏ మాటకు ఆ మాట పెద్దది చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ మాటను మాత్రం ఇంతకంటే పెద్దది చేయడం నా వల్ల కాలేదు.

బామ్మర్ది గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. “మరి అక్కకు నువ్వే చెప్పు బావా,” అన్నాడు. “టీవీ కంటె ముంగట నువ్వే చూపెట్టు.”

ఒక పగలంతా మేస్త్రి దానిమీదే కూర్చున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, పక్కన పెడతాడు. బెంగగా ఆకాశం చూస్తాడు, ఆకాశంలో చూడటానికి ఏమీ ఉండదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక మమ్మల్ని పిలిచి, కూర్చోమన్నాడు. ఒక్కణ్ణే చెప్పలేను, మీరుండండి అన్నాడు. మేము గోడకు ఆనుకుని కూర్చున్నాం. వీడియో కాల్ కలిసింది.

ఆమె వంటింట్లో ఉంది. ఎత్తగానే ముఖం చూపించకుండా ఏదో తాళింపు సంగతి చూసుకుంటోంది. తిన్నవా అని అడిగింది. తిన్నానన్నాడు. ఎండలెట్లున్నయ్ అంది. ఉన్నాయన్నాడు. ఇంకో నాలుగు మాటలు ఎండ మీదే నడిచాయి. బామ్మర్ది నీళ్ల సీసా అందించాడు.

“గది గాదు,” అన్నాడు మేస్త్రి. “నీకో ముచ్చట జెప్పాలె.”

ఆమె పొయ్యి ఆపింది. అప్పుడు ముఖం కనబడింది.

“కాలేనా?” అంది.

మేస్త్రి బామ్మర్ది వైపు చూశాడు, నువ్వు చెప్పావా అన్నట్టు. అతను తల అడ్డంగా ఊపాడు.

“గాన్ని సూడకు, గాడేం జెప్పలేదు,” అంది ఆమె. “టీవీలనే సూసిన. గల్లీ అంత సోఫా సూసింది. నేను నీ కాళ్లు సూసిన. మన పెండ్లిల గూడ బూట్లేసుకోనోనివి. పెండ్లిపీటల కాడ చెప్పులిడిస్తే మల్ల దొరుకయేమోనని భయపడ్డోనివి. తెల్ల సాక్సులు ఏడికెల్లి అచ్చినయయ్యా నీకు? ఒక కాలు కింద మోపక మూలకు గూసుంటివి. ఆ రోజు సంది ఎదురుసూస్తున్న, ఎప్పుడు జెప్తవో అని.”

“అడుగకపోయినవ్?”

“అడిగితె ఏం లేదంటవ్. నువ్వే జెప్పాలని ఊకున్న. ఇప్పు, సూస్త.”

ఆయన కట్టు విప్పాడు. ఫోన్‌ను తనే కాలి మీదికి వంచాడు. మేము ఫోన్ తెర వైపు చూడలేదు, ఎవరి మోకాళ్లు వాళ్లు చూసుకున్నాం. కాసేపటికి ఆమె, వేళ్లు కదలుతున్నాయా అని అడిగింది. బొటనవేలు కదులుతుందని ఆయన చెప్పి, కదిలించి చూపించాడు. ఇంకోసారి కదిలించమంది. కదిలించాడు.

“గా టీవోళ్లకు సూపెట్టు,” అంది. “సిగ్గుపడకు. నేను సూసినంక ఇంక ఎవలు సూస్తె ఏంది?”

రెండో వీడియోకు దర్శకుడు లేడు. సోఫా లేదు, నెమళ్లు లేవు, గడియారం లేదు. ఎవరూ గడ్డం గీసుకోలేదు. నేను మాటలు రాయలేదు. మేస్త్రి ఇనుప మంచం మీద బనీనుతో కూర్చుని కాలు ముందుకు చాపాడు. తన ఊరు చెప్పాడు, చేసే పని చెప్పాడు. కార్డు లేదు కాబట్టి దవాఖానాకు పోలేకపోతున్నానన్నాడు. ఇంటికి పంపితే చాలు, కాలు అక్కడే చూపించుకుంటానన్నాడు. మాతోటి మిగతావాళ్లు కూడా ఉన్నారని చెప్పి ఒక్కొక్కరినీ చేత్తో చూపించాడు. తర్వాత ఏం చెప్పాలో తోచక, సరే మరి అన్నాడు. అంతే.

ఆ రోజు చీకటి పడ్డాక ఫోన్ మళ్లీ బియ్యం డబ్బాకు ఆనింది. మూడో చానల్లో వార్త మొదలైంది. కింద ఎప్పటిలాగే అక్షరాల రైలు పోతోంది. మేస్త్రి కాలు తెర మీదికి రాగానే రైలు ఆగింది. లోగో తీసేశారు. ఆ కాలు కనబడినంతసేపు తెర మీద ఇంకేమీ లేదు. శబ్దం కూడా తీసేసినట్టున్నారు. మూడు చానళ్లనూ ఏళ్లుగా వెక్కిరించినవాణ్ణి, ఆ మొహమాటస్థుడైన విలేకరికి మనసులో దండం పెట్టుకున్నాను. మర్నాటికి మిగతా రెండు చానళ్లూ అదే వేశాయి. ఎప్పుడూ ఒకరి వార్త ఒకరు ముట్టని వాళ్లు. చిరునవ్వుల అమ్మాయి కూడా దాన్ని నవ్వకుండానే చదివింది.

తర్వాత పనులు నెమ్మదిగానే జరిగాయి. రియాద్ నుంచి తెలుగు సంఘం వాళ్లు ఇద్దరు వచ్చారు, ఎంబసీ కాగితం పట్టుకుని. మేస్త్రిని ఆసుపత్రిలో చేర్చి, పుండు అదుపులోకి వచ్చేదాకా ఉంచి, పెనాల్టీ మాఫీ చేయించి ఎగ్జిట్ వేయించారు. ఒక్కడికే వచ్చింది. మాకూ వస్తుందన్నారు. మేస్త్రి బయల్దేరే పొద్దున మా అందరి కంటే ఆయనకే సిగ్గుగా ఉంది. వదిలిపెట్టి పోతున్నవాడిలా ఎవరి కళ్లలోకీ చూడలేదు. బామ్మర్ది ఆయన్ని వ్యానులోకి ఎత్తుకుని కూర్చోబెడుతూ, “ఇగ పో బావా, ఎంత బరువున్నవ్, మసీదోళ్ల బియ్యమంత నువ్వే తిన్నవా?” అన్నాడు. మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ముఖం తిప్పుకున్నాడు.

ఆయన ఇల్లు చేరిన రోజు మూడు చానళ్లూ వాకిట్లో మైకులతో కాచుకున్నాయి. వార్తలో మేము చూసింది ఇదీ. జీపు ఆగింది. ఆయన్ని ఇద్దరు పట్టుకుని దించారు. మైకుల పెట్టెలు ముందుకు దూసుకొచ్చాయి. ఆమె ఆయన భుజం కింద తన భుజం పెట్టి, మైకుల వైపు చూడకుండా, జర జరుగుండ్రి నాయినా అని లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసింది. విలేకరి తలుపు ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. ఆ తలుపు వైపే మేము చూస్తూ కూర్చున్నాం.

ఆపరేషన్ సంగతి చానళ్లకు తెలియదు, అది మేస్త్రే వీడియో కాల్ చేసి చెప్పాడు. రెండు వేళ్లు పోయాయి. పాదం ఉంది. డాక్టరు ‘ఇంకో వారం ఆగి ఉంటే’ అన్న మాటను సగంలో ఆపేశాడట. చెప్పడం అయ్యాక మేస్త్రి, ఆగండి అని, ఫోన్‌ను భార్య చేతికిచ్చాడు. ఆమె దాన్ని నేల దగ్గరికి వంచింది. గచ్చు మీద, కట్టు కట్టిన కాలు, దాని పక్కన మంచి కాలు. మంచంపట్టె పట్టుకున్న ఆయన చెయ్యి ఒకటి తెర అంచున కనబడింది. ఆ చెయ్యి మంచంపట్టె వదిలింది.

మా గదిలో ఏసీ ఆగిపోయి ఉంది. బామ్మర్ది ఫోన్ మీదికి వంగి, కళ్లు చికిలించి చూశాడు.

“నిలవడ్డడు,” అన్నాడు.